విజయవాడలో మాజీ సైనికుల కౌన్సెలర్‌గా చేరుతున్నాను, ఏం తెలుసుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: నాగార్జున యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూ అయింది, విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థ మాజీ సైనికుల కోసం కౌన్సెలర్‌గా తీసుకుంది, గుంటూరు వైపు ఊళ్లు కూడా తిరగాలి. పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక గాయం) మీద పుస్తకాలు చదువుతున్నారు. ఇంకేం నేర్చుకోవాలి, పని ఎక్కడ చెడుతుంది అని అడిగారు.

పుస్తకాలు చదవండి, మంచిదే. కానీ ముందు సైనిక పెన్షన్లు నడిచే స్పర్శ్ పోర్టల్లో లాగిన్ అవడం, లైఫ్ సర్టిఫికెట్ స్థితి చూడటం, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) చదవడం నేర్చుకోండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది యుద్ధం గురించి మాట్లాడటానికి రారు. పెన్షన్ ఆగిందని, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులో భార్య పేరు తప్పు పడిందని, కొడుకు మాట వినడం లేదని, నిద్ర పట్టడం లేదని వస్తారు. అసలు సంగతి మూడో రోజునో నాలుగో రోజునో, వెళ్లడానికి లేచి చెప్పులు వేసుకుంటూ చెబుతారు. కాబట్టి కాగితం పని తెలియని కౌన్సెలర్‌కు ఆ మూడో రోజు రాదు.

మనిషి ఎవరో ముందు అర్థం చేసుకోవాలి. పద్దెనిమిదేళ్లకు ర్యాలీలో పరుగెత్తి ఆర్టిలరీలోనో, ఈఎంఈలోనో, మద్రాస్ రెజిమెంట్లోనో చేరినవాడు ముప్పై ఎనిమిదికో నలభై రెండుకో నాయక్‌గానో హవల్దార్‌గానో ఇంటికొస్తాడు. మన ఊళ్లో ఆ వయసువాడు సంసారంలో నిలదొక్కుకుని ఉంటాడు. ఇతను కొత్తగా మొదలుపెడతాడు. ఇరవై ఏళ్లు తిండి, బట్ట, వైద్యం, రేపు ఎన్నింటికి లేవాలి అన్నదీ యూనిట్ చూసుకుంది. ఇంటి పన్ను, పిల్లల ఫీజు, పొలం కౌలు, కరెంటాఫీసు భార్య చూసుకుంది. ఇప్పుడతనికి ఇంట్లో పని లేదు, బయట హోదా లేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని కూర్చుంటే, నిన్నటిదాకా పదిమందిని నడిపిన మనిషిని ఇరవై ఏళ్ల కుర్రాడు కారులోంచి హారన్ కొట్టి పిలుస్తాడు. నా అంచనాలో బెజవాడ, గుంటూరుల్లో మీకు ఎదురయ్యే బాధల్లో సింహభాగం ఇక్కడే పుట్టింది. యుద్ధభూమిలో పుట్టింది తక్కువ.

అలాగని పీటీఎస్‌డీ లేదనుకోకండి. 1987–90లో శాంతి సేనతో శ్రీలంక వెళ్లినవాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గర్లోనో, దాటో ఉన్నారు. 1999 కార్గిల్‌కు కుర్రాళ్లుగా ఉన్నవాళ్లు యాభైకి అటూ ఇటూ ఉన్నారు. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో తలపడే రాష్ట్రీయ రైఫిల్స్‌లో కొన్నేళ్ల చొప్పున పనిచేసినవాళ్లు అన్ని వయసుల్లో ఉన్నారు. ఇంకో మాట, స్టోర్స్‌లో పనిచేశాను, డ్రైవర్‌ని అన్నవాడికి ఏమీ అయి ఉండదని కొట్టిపారేయకండి. లోయలో పడిన బండిలోంచి తోటివాళ్ల శవాలు తీసింది, మంచుపెళ్లల కింద తవ్వింది తరచుగా వాళ్లే.

మీ హద్దు మీకు తెలియాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎంఫిల్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంఎస్‌డబ్ల్యూతో మీరు కేస్ వర్క్, కౌన్సెలింగ్, కుటుంబంతో పని, రిఫరల్, ఫాలో అప్ అన్నీ చేయొచ్చు. జబ్బు పేరు పెట్టడం, ఆ పేరు కాగితం మీద రాయడం మీ పని కాదు. చేరిన మొదటి వారంలోనే ఒక సైకియాట్రిస్టుతో ఫోన్ చేసుకునేంత పరిచయం ఏర్పరచుకోండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, మంగళగిరి ఎయిమ్స్‌లో ఉంది, రెండూళ్లలోనూ ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి. మామూలుగా పాలీక్లినిక్ మెడికల్ ఆఫీసర్ రిఫరల్ రాస్తేనే ఎంప్యానెల్డ్ (ఆ పథకంతో ఒప్పందమున్న) ఆసుపత్రిలో నగదు లేకుండా చూస్తారు. అత్యవసరమైతే ఏ ఆసుపత్రికైనా తీసుకెళ్లొచ్చు, కాకపోతే రెండు రోజుల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఈ చివరి ముక్క తెలియక బిల్లు మీద పడిన కుటుంబాలు చాలా ఉంటాయి.

గది సంగతి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఓ మూల టేబుల్ వేసి "కౌన్సెలర్" అని బోర్డు పెడతామంటే వద్దనండి. అక్కడికొచ్చే ప్రతివాడికీ ప్రతివాడూ తెలుసు. ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాడి కబురు సాయంత్రానికి సైనిక క్యాంటీన్ క్యూలో ఉంటుంది. బోర్డు మీద "పెన్షన్, వైద్య సహాయం" అని రాయండి, మాట్లాడటానికి తలుపు వేసుకునే గది విడిగా అడగండి. మాజీ సైనికుల సంఘం నాయకులు ప్రేమతోనే "మావాడి సంగతేంటి?" అని అడుగుతారు. "వస్తున్నారండీ" అని కూడా చెప్పకూడదు. పెన్షన్ కాగితాల ఫైలు వేరు, మీ కౌన్సెలింగ్ నోట్స్ వేరు. రెండూ ఒకే అట్టలో పెట్టిన రోజు ఎవరో ఒక గుమాస్తా చదువుతాడు.

గోప్యత గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. సైన్యంలో మెడికల్ కేటగిరీని షేప్ (SHAPE) అనే అయిదు ఇంగ్లిష్ అక్షరాలతో చూస్తారు, అందులో మొదటి అక్షరం మనసుకు సంబంధించింది. ఆ అక్షరం పక్కన అంకె మారితే ఆయుధం చేతిలోంచి పోతుంది, ప్రమోషన్ ఆగుతుంది, యూనిట్‌లో మాట పడుతుంది. ఇరవై ఏళ్లు అది చూసినవాడు "నాకేం లేదు సార్, నిద్రే కొంచెం" అంటాడు. రిటైరయ్యాక కేటగిరీ ఉండదని, ఇక్కడ చెప్పింది రికార్డ్ ఆఫీసుకు పోదని మొదటి రోజే విడమరిచి చెప్పండి. డీఎస్సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) మళ్లీ చేరాలని చూస్తున్నవాడికి మెడికల్ ఫిట్‌నెస్ కావాలి గనుక అతను ఇంకా దాస్తాడు. ఒత్తిడి చేయకండి.

పిలుపు దగ్గర కూడా జాగ్రత్త. మీకంటే పెద్దవాళ్లు కాబట్టి "బాబాయ్ గారూ", "అంకుల్" అని నోరు తిరుగుతుంది. పల్లెల్లో రెండో మూడో కలయికలో అది బాగుంటుంది. మొదటిరోజు మాత్రం ర్యాంకుతో పిలవండి: "హవల్దార్ గారూ", "సుబేదార్ గారూ". ఏ రెజిమెంట్, ఏ ట్రేడ్, ఆఖరి పోస్టింగ్ ఎక్కడ అని అడగండి. "ఎంతమందిని చంపారు?", "బోర్డర్లో భయమేయలేదా?" అని ఎప్పుడూ అడగొద్దు. పెళ్లి భోజనాల దగ్గర అందరూ అడిగి అడిగి చంపిన ప్రశ్నలవి.

మొదటి రోజు మాట ఇలా నడిస్తే చాలు:

"రండి హవల్దార్ గారూ, కూర్చోండి. స్పర్శ్ మెసేజ్ వచ్చిందన్నారు కదా, చూద్దాం."
"లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చానమ్మా మీసేవలో. అయినా ఆగింది."
"ఆధార్‌లో పేరూ, పీపీఓలో పేరూ ఒకేలా ఉన్నాయాండీ?"
"అక్కడ ఇంటిపేరు ముందుంది, ఇక్కడ వెనకుంది."
"అయితే అదే అయుంటుంది. ముందు సరిచేయించాలి. ఈ రెణ్ణెల్లూ ఇల్లెలా గడిచిందండీ? నిద్ర పడుతోందా?"

ఆ చివరి ప్రశ్న కోసమే ముందు మాటలన్నీ. కానీ ముందు మాటలు నిజమై ఉండాలి, ఆ పని మీరు పూర్తి చేయాలి. డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఈసీహెచ్ఎస్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం అయిదూ ఫొటో తీసి అతని ఫోన్లోనే దాచిపెట్టించండి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరద లాంటిది మళ్లీ వస్తే డూప్లికేట్ డిశ్చార్జి బుక్కు కోసం రికార్డ్ ఆఫీసు చుట్టూ తిరగడం నెలల పని. పెన్షన్ లేని 65 దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా పెన్యురీ గ్రాంట్ ఉంది, జిల్లా కార్యాలయం నుంచే దరఖాస్తు పోతుంది. నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో రాసే శిక్షలు) పడి పెన్షన్ రాకుండానే బయటికొచ్చినవాళ్లు వేరే జాతి. సంఘం మీటింగులకు రారు, మాజీ సైనికుడినని చెప్పుకోరు. మీరు వెతుక్కుంటూ వెళ్లాల్సింది వాళ్లింటికే.

ఇప్పుడు మందు. ఎక్కువసేపు చెప్పాల్సింది దీని గురించే.

"ఎంత తాగుతారు?" అంటే "రెండు పెగ్గులు" అంటారు, అబద్ధం కాదు. ఇంట్లో ఏ గ్లాసులో పోసుకుంటారో అదే స్టీలు గ్లాసు తెప్పించి, ఎంతవరకు పోస్తారో అంతవరకు నీళ్లు పోసి చూపించమనండి. ఆ నీళ్లను దగ్గు మందు సీసా మూతతో కొలవండి, మూత మీద 10 మిల్లీ గీత ఉంటుంది. తొమ్మిది మూతలు వచ్చిందనుకోండి, పెగ్గు 90 మిల్లీ. మన విస్కీ, రమ్ముల్లో ఆల్కహాల్ 42.8 శాతం. ఆ లెక్కన 30 మిల్లీకి పది గ్రాముల ఆల్కహాల్, అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింక్. అంటే అతని "రెండు పెగ్గులు" ఆరు డ్రింకులు, సరిగ్గా ఒక క్వార్టర్ సీసా. ఈ లెక్క అతని కళ్ల ముందు, అతని చేత్తోనే చేయించండి. ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత తాగుడు స్థాయిని కొలిచే ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలోని పది ప్రశ్నలు వేయండి. 40కి 8 వచ్చినా హానికర స్థాయి, 20కి చేరితే డాక్టర్ దగ్గరికి పంపాల్సిన కేసు. క్యాంటీన్‌లో వచ్చే మందు కోటా ఎంతో అడగడం మరిచిపోకండి. కోటా మొత్తం తనే తాగుతున్నాడా, కొంత బయట అమ్ముతున్నాడా అన్నది ఇంటి ఆదాయానికీ తాగుడుకీ రెండింటికీ లెక్క చెబుతుంది. అమ్మడం నేరమని మీరు పోలీసులా మాట్లాడితే ఆ లెక్క ఇంకెప్పుడూ దొరకదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాల్సింది మాల. కార్తీకంలో అయ్యప్ప మాల, భవానీ మాల వేసుకుంటే మందు ముట్టరు. నలభై ఒక్క రోజులు మానగలిగిన మనిషి గురించి ఇంట్లోవాళ్లు పొంగిపోతారు. అయితే రోజూ హాఫ్ తాగేవాడు మాల వేసుకున్న ఉదయం నుంచి ఒక్క చుక్క లేకుండా ఆపితే ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య అయోమయం, లేనివాళ్లు కనిపించడం, పట్టుకోలేనంత ఆందోళన. దీక్షలో ఉన్న మనిషి రాత్రిపూట ఎవరితోనో మాట్లాడుతుంటే పూనకం అనుకుంటారు, గాలి సోకిందంటారు, గురుస్వామిని పిలుస్తారు. అది డెలీరియం, ప్రాణం మీదకు వస్తుంది. దానికి తోడు ఒంటిపూట భోజనం, చన్నీటి స్నానం. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి నీరసమని గ్లూకోజ్ సెలైన్ పెడతాడు. థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

కాబట్టి మాల వద్దనకండి, దాన్ని వాడుకోండి. సెప్టెంబర్ చివర్లోనే అడగండి, ఈ ఏడు మాల వేస్తున్నారా అని. వేస్తానంటే మాలకు పదిహేను రోజుల ముందే సైకియాట్రిస్టు దగ్గర మందులతో మాన్పించే ఏర్పాటు చేయండి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడిని, గుండె, లివర్ జబ్బులున్నవాడిని ఇంటి దగ్గర మాన్పించకూడదు, ఆసుపత్రిలో చేర్చాలి. ఇక అసలు ప్రమాదం మాల తీసే రోజు. ఇరుముడి దించిన సాయంత్రమే స్నేహితులు సీసాతో సిద్ధంగా ఉంటారు. ఆ రోజు ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు, ఆ నెల క్యాంటీన్ కార్డు ఎవరి చేతిలో ఉంటుంది అనే మూడు సంగతులూ మాల మెడలో ఉండగానే రాయించండి.

గోడల మీద "తెలియకుండా తాగుడు మాన్పించబడును" అని ఉంటాయి చూడండి, ఆ పొడి కూరలో కలిపి పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక పైన మందు తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. భార్యను ఒంటరిగా అడగండి: "ఏమైనా కలిపి పెడుతున్నారా అమ్మా?" నిందించకండి, ఆపించండి.

నిద్ర. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం జబ్బు కాదు, ఇరవై ఏళ్ల అలవాటు. తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేచేవాడికి ఏడు గంటల నిద్ర అయినట్టే. సమస్య సెక్యూరిటీ డ్యూటీ. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా గేటు దగ్గర, తర్వాత రేకుల ఇంట్లో మే నెల ఎండలో పగటి నిద్ర. ఆ మనిషికి డిప్రెషన్ స్కోరు కట్టేముందు షిఫ్టు మార్పించే మార్గం చూడండి, కనీసం వారానికోసారి పగలూ రాత్రీ మారే డ్యూటీ కాకుండా. రెండు వారాలు నిద్ర డైరీ రాయించండి, సైనికులు డైరీ చక్కగా రాస్తారు. సగటున అయిదు గంటలు నిద్రపోతూ ఎనిమిది గంటలు మంచం మీద దొర్లుతున్నవాడికి మంచం మీద గడిపే సమయం అయిదున్నర గంటలకు కుదించాలి, లేచే టైము మార్చకూడదు. పడుకున్న సమయంలో 85 శాతం నిద్ర పట్టిన వారం నుంచి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. మొదటి పది రోజులు పగలు కునికిపాట్లు వస్తాయని ముందే చెప్పకపోతే మూడో రోజే మానేస్తాడు. డ్రైవర్లకు, ఫిట్స్ ఉన్నవాళ్లకు, బైపోలార్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి వద్దు. గురక బాగా పెట్టి ఊపిరాడక ఉలిక్కిపడి లేచేవాడిని ముందు స్లీప్ ఆప్నియాకు పరీక్ష చేయించాలి, దాన్ని పీడకల అనుకుని నెలల తరబడి కౌన్సెలింగ్ చేసే పొరపాటు మామూలే. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కుంటున్న నిద్రమాత్ర ఉందేమో అడగండి. ఉంటే ఒక్కసారిగా మాన్పించకండి, అది కూడా డాక్టర్ తగ్గించాల్సిందే.

ఇక చెవులు. ఇది ఎవరూ చెప్పరు. ఫిరంగుల పక్కన, ఇంజన్ల పక్కన పదిహేనేళ్లు పనిచేసినవాడికి వినికిడి తగ్గి ఉంటుంది, చెవిలో హోరు ఉంటుంది. భార్య వంటింట్లోంచి ఏదో అంటే సగం వినపడుతుంది, సగానికి కోపమొస్తుంది. పెళ్లిళ్లకు వెళ్లడు, టీవీ సౌండు పెంచుతాడు, నలుగురిలో ఊరుకుంటాడు. చూస్తే పీటీఎస్‌డీ లక్షణాల జాబితాలాగే ఉంటుంది. చిరాకు, దూరంగా ఉండటం అని రాసుకునే ముందు ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. మిషన్ పెట్టించాక "కోపం" సగానికి తగ్గిన ఇళ్లు ఉంటాయి.

ఇవన్నీ సర్దుకున్నాక, అప్పటికీ ఒకే సంఘటన కళ్ల ముందుకొస్తోంది, అదే పీడకల, టపాసులకు నేల మీద పడుకోవడం, గోడకు వీపు ఆనించకుండా కూర్చోలేకపోవడం మిగిలాయనుకోండి, అప్పుడు పీటీఎస్‌డీ లక్షణాలను కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళి పెట్టండి. ఇరవై ప్రశ్నలు, 80 మార్కులు, 31–33 దాటితే సైకియాట్రిస్టుకు పంపాలి. సంఘటన మొత్తం చెప్పించి వదిలేయడం మీరు చేయగలిగిన పెద్ద తప్పు. పాత గాయం కెలికి గంటయ్యాక "టైమైంది, వచ్చే వారం రండి" అంటే అతను నేరుగా వైన్ షాపుకు వెళ్తాడు. ఆ ఘటన మీద పనిచేసే పద్ధతులకు, అంటే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీకి పన్నెండు సెషన్లు, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌కు ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు పడతాయి, శిక్షణ పొందినవాళ్లే చేయాలి. మీరు చేయాల్సింది నేల మీద నిలబెట్టడం. అతను తల వంచుకుని మాట తడబడుతుంటే అరికాళ్లు నేలకు ఆనించమనండి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పమనండి, నిదానంగా ఊపిరి వదలమనండి. "వివరాలు ఇప్పుడొద్దు హవల్దార్ గారూ, అది ఇప్పుడు మిమ్మల్ని ఏం చేస్తోందో అంత వరకే చెప్పండి" అనే వాక్యం బాగా పనిచేస్తుంది. డాక్టర్ సెర్ట్రలిన్ లాంటిది రాస్తే పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, మొదట కడుపులో తిప్పుతుందనీ చెప్పడం మీ వంతు. చెప్పకపోతే ఎనిమిదో రోజు మాత్రలు అటక ఎక్కుతాయి. దీపావళికి నెల ముందు నుంచే ఆ రాత్రి ప్లాన్ వేయండి: ఏ గది, ఏ కిటికీ మూయాలి, పిల్లలు ఎక్కడ కాలుస్తారు, ఎన్నింటికి మొదలవుతుంది. తెలిసి వచ్చే శబ్దానికి మనిషి తట్టుకుంటాడు, అర్ధరాత్రి ఎవడో తోక తెంపి విసిరిన లక్ష్మీబాంబే అసలు బాధ.

ఇంట్లో. భార్య ఇరవై ఏళ్లు ఇల్లు ఒంటిచేత్తో నడిపింది. ఈయన వచ్చి పొద్దున్నే పిల్లలను ఫాలిన్ అంటూ పరేడ్‌లా వరసలో నిలబెడతాడు, బీరువా తాళాలు అడుగుతాడు. కమ్యుటేషన్ డబ్బు (పెన్షన్లో కొంత భాగానికి బదులు ఒకేసారి ముందే తీసుకునే మొత్తం) వచ్చి ఉంటుంది, దాన్ని అన్నదమ్ములకు అప్పిచ్చాడా, చీటీలో పెట్టాడా, రాజధాని పేరు చెప్పి ఎవరైనా ప్లాటు అంటగట్టారా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. కమ్యూట్ చేసిన భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి పెన్షన్లో కలుస్తుందని చాలామంది భార్యలకు తెలియదు, చెబితే కొంత ఊపిరి పీల్చుకుంటారు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ముందు ఆవిడతో ఒకసారి విడిగా మాట్లాడండి, "చెయ్యి చేసుకుంటారా అమ్మా?" అని సూటిగా అడగండి. కొడుతుంటే జంట కౌన్సెలింగ్ పెట్టకూడదు. మీ గదిలో ఆవిడ చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు తింటుంది. 181 నంబరు, సఖి కేంద్రం, గృహహింస చట్టం కింద రక్షణ అధికారి అనే దారులు ఆవిడకు మాత్రమే తెలిసేలా ఇవ్వండి, కాగితం మీద రాసి కాదు, ఫోన్లో వేరే పేరుతో సేవ్ చేసి.

ఆత్మహత్య మాట దాటవేయకండి. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకేది వచ్చినా మొత్తం స్కోరుతో పని లేదు, అక్కడే ఆగండి. "చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అండీ? ఎలాగో ఆలోచించారా?" అని తెలుగులో, మామూలు గొంతుతో అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. ఇతనికి తుపాకీ తెలుసు, గన్‌మ్యాన్ ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉండవచ్చు. ఉంటే లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో పోలీస్ స్టేషన్లోనో డిపాజిట్ చేయించే ఏర్పాటు అదే రోజు చేయండి. "నమ్మకం లేకా?" అంటాడు. "డ్యూటీ దిగాక ఆయుధం కోత్‌లో జమ చేసేవారు కదండీ, ఇదీ అంతే" అంటే అర్థమవుతుంది. ఇంకా దగ్గరగా ఉండే ప్రమాదం పురుగుమందు. మిర్చి, పత్తి వేసే ఇళ్లల్లో డబ్బాలు మంచం కిందే ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీయించి వేరేవాళ్ల తాళంలో పెట్టించండి. తర్వాత కూర్చుని సేఫ్టీ ప్లాన్ ఆరు అంచెలూ అతని మాటల్లోనే రాయించండి: ముందస్తు గుర్తులు, తనంతట తను చేయగలిగేవి, వెళ్లి కూర్చోగల మనుషులూ చోట్లూ, సాయం అడగగల ఇద్దరి నంబర్లు, డాక్టర్ నంబరూ 14416 టెలీ మానస్ నంబరూ, ఆఖరున ఇంట్లో ప్రమాదమైనవి తీసేయడం. రెండో పేజీకి పోకూడదు, చొక్కా జేబులో పట్టాలి. ప్లాన్ అప్పటికే మనసులో ఉన్నవాడిని ఒంటరిగా పంపకండి, మీరో ఇంటివాళ్లో వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్లు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ఈ ముక్క చెప్పాకే నిజంగా ఏం తాగాడో డాక్టరుకు చెబుతారు. అది తెలియక వైద్యం తప్పుదారి పడుతుంది.

డిసెబిలిటీ పెన్షన్ కోసం మిమ్మల్ని సర్టిఫికెట్ అడుగుతారు. "పీటీఎస్‌డీ అని రాసివ్వండమ్మా, వకీలు చెప్పాడు" అంటారు. రాయకండి. ఎన్నిసార్లు వచ్చారు, ఏం చెప్పారు, ఎక్కడికి పంపారు అన్నంత వరకే తేదీలతో రాసివ్వండి. అసలు గొడవ రిలీజ్ మెడికల్ బోర్డు రాసిన మాట మీద నడుస్తుంది: జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా, రెండూ కాదా. రెండూ కాదంటే ఫౌజీల భాషలో "నానా". చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు రికార్డు లేకపోతే సర్వీసులో వచ్చిన జబ్బును సర్వీసుకే ఆపాదించాలనే వైపు సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. కాబట్టి ఆశ ఉంటుంది, కానీ ముందు అప్పీళ్లు, తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్, ఏళ్లు పడుతుంది. మీరు హామీ ఇవ్వొద్దు. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ తెప్పించుకోవడంలో సాయపడండి, అది ఆర్టీఐ మీద వస్తుంది.

రాబోయేవాళ్ల గురించి ఒక్క మాట. 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన ఆర్మీ మొదటి అగ్నివీరుల నాలుగేళ్లు పూర్తి కావస్తున్నాయి. కొనసాగేవాళ్లు పోను మిగతావాళ్లు ఇరవైల వయసులోనే పెన్షన్, ఈసీహెచ్ఎస్ రెండూ లేకుండా, చేతిలో సేవానిధి (దిగేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం) డబ్బుతో ఊరికొస్తారు. పైన చెప్పిన పాలీక్లినిక్ దారి వాళ్లకు లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ప్రభుత్వాసుపత్రి దారి ఇప్పటినుంచే పదును పెట్టుకోండి. డబ్బు చేతికొచ్చిన మొదటి ఆరు నెలల్లోనే వాళ్లను కలవాలి.

రోజుకు అయిదారు మందికి మించి కూర్చోకండి, ఊళ్లు తిరిగే రోజైతే ముగ్గురు. రానివాడికి "ఎందుకు రాలేదు?" అని ఫోన్ చేయకండి, తప్పు పట్టినట్టు వినపడి ఇంకెప్పుడూ రాడు. "మీ కాగితం ఒకటి వచ్చింది, సంతకం కావాలి" అనండి, అది నిజమైనప్పుడే అనండి. మూసేసిన ఫైళ్లు కూడా అక్టోబర్ చివర్లో ఒకసారి బయటికి తీసి వరసగా ఫోన్లు చేయండి. లైఫ్ సర్టిఫికెట్ నెల వస్తోంది కదా, ఇచ్చారా అని అడగడానికి అదే సమయం. ఆ మాట అయ్యాక మాల ఎప్పుడు వేస్తున్నారో, నిద్ర ఎలా పడుతోందో కూడా అడగొచ్చు.